కాలేయంలో చేపముల్లు: తిరగబెట్టిన ఒక చీముగడ్డ

ఆగస్టు రెండో వారం. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయింది. ఆ హెచ్చరిక వచ్చిందంటే కోనసీమలో లంక గ్రామాలకు వెళ్లే కాజ్‌వేలు ఒక్కొక్కటే మునుగుతాయి. అలాంటి రోజున పడవలో ఏటిపాయ దాటి, ఆటో పట్టుకుని, అమలాపురంలో నేను పనిచేసే ఆసుపత్రికి వచ్చారు ఈ రోగి. వయసు 58. కొబ్బరికాయలు వలిచే పని. నేలలో పాతిన గునపం మీద కాయను గుచ్చి, ఒంగి బలంగా తిప్పినప్పుడల్లా రొమ్ము ఎముక కింద లోపలెక్కడో పట్టి లాగినట్టు నొప్పి వస్తోందని చెప్పారు. మూడు వారాలుగా పొద్దు గుంకేసరికి చలితో జ్వరం. ఊళ్లో గ్యాస్ మాత్రలు వాడారు, ఇంజెక్షన్లు చేయించుకున్నారు. అన్నం సయించక నాలుగు కిలోల బరువు తగ్గారు. రోజుకు వెయ్యి కాయలు వలిచే మనిషి మంచం పట్టారు.

నేను రేడియాలజిస్టును. కడుపు, కటి భాగాల స్కాన్లు చదవడమే నా రోజువారీ పని. ఈ కేసు రాయడానికి కారణం సూటిగా చెబుతాను. ఆయన మొదటి సీటీ స్కాను చదివింది నేనే. జబ్బుకు మూలం ఆ స్కానులోనే ఉంది, నేను చూడలేదు. దాని మూలంగా ఆయన రెండోసారి జ్వరం పడ్డారు, రెండోసారి పొట్టలో గొట్టం వేయించుకున్నారు. ఆయనా, ఆయన భార్యా అనుమతి ఇచ్చిన తర్వాతే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా ఇంటి వివరాలు కొన్ని మార్చాను, వైద్య వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

మొదటి విడత

ఫిజీషియన్ పంపిన కాగితం మీద ఒకే వాక్యం ఉంది: "జ్వరం, పైపొట్ట నొప్పి, కల్లు అలవాటు, లివర్‌లో చీముగడ్డ ఉందేమో చూడండి." అల్ట్రాసౌండ్ నేనే చేశాను. గడ్డ ఉంది. కాలేయం ఎడమ లోబులో 6.8 × 5.4 × 5 సెంటీమీటర్ల పరిమాణం, లోపల చిక్కని ద్రవం, సుమారు 95 మిల్లీలీటర్లు. పిత్తాశయంలో రాళ్లు లేవు, పిత్తనాళాలు ఉబ్బి లేవు. తెల్లరక్తకణాలు 18,400. షుగరు లేదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే, 0.9 ఉండటంతో మరునాడే కాంట్రాస్ట్ (స్కానులో తెల్లగా కనిపించే మందు) ఇచ్చి సీటీ తీశాం.

మా ప్రాంతంలో నడివయసు మగవాడు, కల్లు అలవాటు, జ్వరం, కాలేయంలో గడ్డ అనగానే ఎవరికైనా ముందుగా నోటికి వచ్చే మాట అమీబిక్ అబ్సెస్. అందులో తప్పు లేదు. ఎంటమీబా హిస్టోలిటికా అనే పరాన్నజీవి కలుషితమైన నీటితోనో తిండితోనో పేగులోకి చేరుతుంది, అక్కడి నుంచి, పేగుల రక్తాన్ని కాలేయానికి చేర్చే పోర్టల్ సిర వెంట కాలేయానికి ఎక్కుతుంది. ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో ఎన్నో రెట్లు ఎక్కువ. తాగే అలవాటు ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ. వరదల రోజుల్లో లంకల్లో తాగునీరు ఎలా ఉంటుందో ఇక్కడ పనిచేసే ఏ డాక్టరుకైనా తెలుసు. కాబట్టి నా రిపోర్టులో "ఎడమ లోబులో ఒకే చీముగడ్డ, అమీబిక్ అయ్యే అవకాశం ఎక్కువ" అని రాశాను.

అదే రిపోర్టు నాలుగో వరుసలో ఇంకో మాట కూడా రాశాను. "జీర్ణాశయం చివరి భాగం, ఆంట్రం గోడ కొంచెం మందంగా ఉంది, గ్యాస్ట్రైటిస్ కావచ్చు." ఆ మందపు గోడ చీముగడ్డను ఆనుకునే ఉంది. మధ్యలో ఉన్న కొవ్వు కూడా మసకబారి ఉంది. ఆ రెండింటినీ రెండు వేరువేరు జబ్బులుగా రాసేశాను. వెతుకుతున్నది దొరకగానే కన్ను వెతకడం మానేస్తుంది. మా చదువులో దీనికి పేరు ఉంది, దీని మీద పాఠాలు ఉన్నాయి, నేనూ జూనియర్లకు చెప్పినదే. అయినా ఆ రోజు జరిగింది.

అల్ట్రాసౌండ్ చూస్తూ చీము బయటికి తీసే సన్నని గొట్టం, పిగ్‌టెయిల్, వేశాను. ఎడమ లోబులో గడ్డ అంటే మేము ఎక్కువ రోజులు చూస్తూ కూర్చోం. గుండె సంచి దానికి ఆనుకునే ఉంటుంది, గడ్డ అటు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మొదటి సిరంజిలోకి వచ్చిన చీము రంగు నాకు ఇప్పటికీ గుర్తుంది. అమీబిక్ చీము చాక్లెట్ రంగులో ఉంటుంది, వాసన పెద్దగా ఉండదు. ఇది పసుపు బూడిద కలిసిన రంగు, ఘాటైన వాసన. "బ్యాక్టీరియా కూడా చేరినట్టుంది" అనుకుని, ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకు పంపాను. అమీబాకు మెట్రోనిడజోల్‌తో పాటు బ్యాక్టీరియాకు సెఫ్ట్రియాక్సోన్ కూడా నడుస్తోంది కాబట్టి రెండింటికీ మందు పడుతోందన్న ధీమా.

నాలుగో రోజు కల్చర్‌లో స్ట్రెప్టోకాకస్ వచ్చింది. ఆ రకం మన నోట్లోనూ గొంతులోనూ కాపురం ఉండేది. నోట్లో ఉండాల్సిన సూక్ష్మజీవి కాలేయంలోకి ఏ దారిన వచ్చిందని అప్పుడు ఎవరమైనా అడిగి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. మందు దానికి పనిచేస్తోంది, జ్వరం తగ్గింది, రోగి అన్నం తింటున్నారు. ఎవరమూ అడగలేదు.

కాజ్‌వే మీద నీళ్లు తగ్గే వరకు ఆయన్ను ఆసుపత్రిలోనే ఉంచాం. పొట్టలో గొట్టంతో మనిషిని లంకలోకి పంపితే, రాత్రివేళ అది జారిపోయినా మూసుకుపోయినా తిరిగి తీసుకురావడం ఎవరివల్లా కాదు. తొమ్మిదో రోజున గడ్డ 2 సెంటీమీటర్లకు తగ్గాక గొట్టం తీసేసి, రెండు వారాల మందులు రాసి పంపించారు.

పళ్లసెట్టు

సెప్టెంబరు మూడో వారంలో ఆయన మళ్లీ వచ్చారు. అదే జ్వరం, అదే చోట నొప్పి. మందులు ఆపిన ఆరో రోజు నుంచే మొదలైందని భార్య చెప్పారు. ఆవిడ మందుల అట్టలన్నీ కవరులో పెట్టుకుని తెచ్చారు. ఒక్క మాత్ర కూడా మిగల్లేదు. అల్ట్రాసౌండ్‌లో 4.5 సెంటీమీటర్ల గడ్డ, సరిగ్గా అదే చోట. ఈసారి అమీబా రక్తపరీక్ష కూడా పంపాం, నెగెటివ్ వచ్చింది.

మళ్లీ గొట్టం వేయడానికి బల్ల మీద పడుకోబెట్టాం. కొద్దిగా మత్తు ఇస్తాం కాబట్టి మా నర్సు అలవాటుగా అడిగింది: "బాబాయి గారూ, కట్టుడు పళ్లు ఉంటే తీసి ఇవ్వండి." ఆయన నోట్లోంచి పై పళ్లసెట్టు తీసి, జేబులో రుమాలు వెతికి, అందులో మడిచి, గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య చేతికి ఇమ్మని నర్సుకు అందించారు. మడవక ముందు ఒక్క క్షణం చూశాను. గులాబీ రంగు ప్లేటు, అంగిలిని మొత్తం కప్పేంత వెడల్పు.

చేప తినేటప్పుడు ముల్లు ఉందని మనకు తెలిసేది అంగిలికీ నాలుకకూ మధ్య అది గీసుకున్నప్పుడు. అంగిలిని ప్లాస్టిక్ కప్పేస్తే ఆ స్పర్శ సగం పోతుంది. చేపముల్లు మింగేవారిలో కట్టుడు పళ్లవారు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఎడమ లోబు, ఆనుకుని ఉన్న జీర్ణాశయం గోడ, నోటి సూక్ష్మజీవి, తిరగబెట్టిన చీము. నెలన్నర పాటు విడివిడిగా పడి ఉన్న నాలుగు ముక్కలూ ఆ రుమాలును చూసిన క్షణంలో ఒక వరుసలోకి వచ్చాయి.

"ఈ మధ్య చేపముల్లు ఏమైనా మింగారా?" అని అడిగాను. "లేదండీ" అన్నారు వెంటనే. ఇందులో ఆశ్చర్యం లేదు. ఇలాంటి కేసుల్లో చాలామందికి మింగిన సంగతే గుర్తుండదు. గుమ్మం దగ్గర నుంచి ఆయన భార్య అందుకున్నారు: "అదేమిటండీ, జూన్‌లో మా ఆడపడుచు గారింట్లో ఓణీల వేడుకకు వెళ్లినప్పుడు గొంతులో గుచ్చుకుందని అంత హడావుడి చేశారు కదా! అన్నం ముద్దలు మింగారు, రెండు అరటిపండ్లు తిన్నారు."

ఆయన తల తిప్పి ఆవిడ వైపు చూసి, "అది అప్పుడే దిగిపోయింది కదా" అన్నారు.

నిజమే, దిగిపోయింది. గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించడం గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంట్లో ఉన్న వైద్యం. దయచేసి ఆ పని చేయకండి. ముద్ద వెంట ముల్లు దిగితే ఎక్కువసార్లు ఏమీ కాకుండా బయటికి పోతుంది, నిజమే. కానీ గట్టి ముల్లును ముద్దతో నొక్కితే అన్నవాహిక గోడలోకి దిగబడవచ్చు. గొంతులో ఇరుక్కున్న ముల్లును ఈఎన్‌టీ డాక్టరు చాలావరకు నిమిషాల్లో పట్టకారుతో తీసేస్తారు.

రెండో సీటీ

ఆ రోజు గొట్టం వేయడం ఆపలేదు, చీము తీయాల్సిందే. కానీ దానికంటే ముందు ఆయన్ను సీటీ గదికి పంపాను. ఈసారి తీసే పద్ధతి మార్చాం. నోటి ద్వారా కాంట్రాస్ట్ వద్దన్నాను, రెండు గ్లాసుల మంచినీళ్లు మాత్రం తాగించమన్నాను. నరం ద్వారా కూడా ముందు ఏమీ ఇవ్వకుండా ప్లెయిన్ స్కాన్. చిత్రాలు 5 మిల్లీమీటర్ల మందంతో కాకుండా 1.25 మిల్లీమీటర్ల పలుచని పొరలుగా కావాలన్నాను. టెక్నీషియన్ కుర్రాడు మొదటి స్కాను ఎలా చేశాడో రిజిస్టరులో చూసి చెప్పాడు: కడుపు నిండా తెల్లని కాంట్రాస్ట్, నరంలో కాంట్రాస్ట్, 5 మిల్లీమీటర్ల పొరలు. ప్రతి కడుపు స్కానుకూ మేము అప్పట్లో చేసే పద్ధతి అదే.

తేడా ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. సీటీలో కనిపించే ప్రతి చుక్క వెనకా ఒక సాంద్రత అంకె ఉంటుంది. నీరు సున్నా, గాలి మైనస్ 1000. ఈ కొలమానానికి సీటీ యంత్రాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. చీము పది నుంచి ముప్పై మధ్య, కాలేయం యాభై అరవై దగ్గర, ఎముక కొన్ని వందలు. చేపముల్లు కూడా ఎముకే. కానీ మిల్లీమీటరు మందం ఉన్న ముల్లును 5 మిల్లీమీటర్ల పొరలో చూస్తే, ఆ చుక్కలో ఒక వంతు ఎముక, నాలుగు వంతులు చుట్టూ ఉన్న కండ. యంత్రం రెండింటినీ కలిపి సగటు చూపిస్తుంది. వందల్లో ఉండాల్సిన అంకె నూట ఎనభైకి దిగిపోతుంది. నరంలో కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు రక్తనాళం అంకె కూడా దాదాపు అంతే. ఇక ముల్లు, నాళం ఒకదాని పక్కన ఒకటి ఉంటే కంటికి రెండూ ఒకటే. కడుపులో తెల్లని కాంట్రాస్ట్ నింపితే జీర్ణాశయం వైపు ఉన్న కొస ఆ తెలుపులో కలిసిపోతుంది.

రెండో స్కాను తెర మీదికి వచ్చింది. పొరలు ఒక్కొక్కటిగా కిందికి జరుపుతూ వెళ్లాను. ఆంట్రం పైగోడ దగ్గర ఒక తెల్లని చుక్క. తరువాతి పొరలో కొంచెం ఎడమకు, కొంచెం పైకి. ఆ తరువాతి పొరలో ఇంకా పైకి. ఇరవైకి పైగా పొరల్లో ఆ చుక్క నడుచుకుంటూ కాలేయంలోకి, చీముగడ్డ గోడ దాకా వెళ్లింది. కంప్యూటర్‌లో అడ్డంగా ఉన్న తలాన్ని వాలుగా తిప్పి, ఆ చుక్కలన్నీ ఒకే చిత్రంలోకి వచ్చేలా పెట్టాను. కొద్దిగా వంపు తిరిగిన సన్నని తెల్లని గీత, పొడవు 3.4 సెంటీమీటర్లు, సాంద్రత 500 పైనే.

అప్పుడు ఆగస్టు స్కానును పక్క తెర మీద తెరిచాను. అదే చోట, 5 మిల్లీమీటర్ల పొరల్లో వరుసగా నాలుగు చుక్కలు. జీర్ణాశయం అంచు వెంట వెళ్లే చిన్న ధమని కొమ్మ అనుకుని నేను దాటేసిన చుక్కలు. నిజంగా ధమని అయితే దానికి ముందూ వెనకా కొనసాగింపు ఉండాలి, ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో వెళ్లాలి. దీనికి రెండు వైపులా ఏమీ లేదు. ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఆ రోజే తెలిసేది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే వాళ్ల అబ్బాయి ఆ సాయంత్రం ఫోన్ చేసి, "డాక్టరు గారూ, ఎంఆర్ఐ అయితే ఇంకా బాగా తెలుస్తుందేమో, ఖర్చుకు వెనకాడను" అన్నాడు. పెద్ద స్కాను అయితే పెద్ద సమాధానం వస్తుందని చాలామంది నమ్మకం. పిత్తనాళాలకు, గర్భాశయానికి, మలాశయం క్యాన్సర్‌కు ఎంఆర్ఐ సాటిలేనిది. కానీ సన్నని ముల్లు అందులో నల్లగా, ఉందో లేదో తెలియకుండా మాయమవుతుంది. మామూలు ఎక్స్‌రేలో కూడా పొట్టలోని చేపముల్లు కనిపించడం అరుదు. ఈ పనికి పలుచని పొరల సీటీయే సరైనదని చెప్పి ఒప్పించాను.

ఇంకో సంగతి. ముల్లు ఎక్కడుందో తెలిశాక అల్ట్రాసౌండ్ తల మార్చి, పైపైన చూసే సన్నని ప్రోబుతో మళ్లీ అదే చోట పెట్టి చూశాను. కాలేయం అంచు లోపల రెండు సెంటీమీటర్ల మెరిసే గీత, దాని వెనక సన్నని నీడ. స్పష్టంగా కనిపించింది. ఆగస్టులోనూ అది అక్కడే ఉండి ఉంటుంది.

సర్జన్ అడిగిన ప్రశ్నలు

మా సర్జన్‌కు ఫోన్‌లో చెబితే, "రిపోర్టు తరువాత చూస్తాను, ముందు నాకు దారి చూపించండి" అని నేరుగా వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ గంటసేపు జరిగిన సంభాషణ నాకు రేడియాలజీలో పెద్ద పాఠం.

ఆయన మొదట అడిగింది ముల్లు పొడవు కాదు, దాని రెండు కొసలు ఎక్కడున్నాయన్నది. ఒక కొస ఇంకా జీర్ణాశయం లోపల ఉంటే ఎండోస్కోపీతో లాగే ప్రయత్నం చేయవచ్చు. పూర్తిగా గోడ దాటిపోయి ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. నీళ్లు తాగించి తీసిన స్కాను ఇక్కడ అక్కరకు వచ్చింది. నీళ్ల నలుపు, గోడ బూడిద రంగు, ముల్లు తెలుపు విడివిడిగా కనిపించాయి. కింది కొస గోడ మందంలోనే ఆగిపోయింది, లోపలికి పొడుచుకు రాలేదు. అయినా మరునాడు ఎండోస్కోపీ చేయించాం. ఆంట్రంలో చిన్న ఎర్రని గుంట తప్ప ఏమీ లేదు. ముల్లు దాటిపోయాక లోపలి పొర మానిపోతుంది, కాబట్టి ఎండోస్కోపీ బాగుందని ముల్లు లేదని అనుకోకూడదు.

రెండో ప్రశ్న, పై కొసకూ పోర్టల్ సిర ఎడమ కొమ్మకూ దూరం ఎంత. దీనికి మాత్రం నరంలో కాంట్రాస్ట్ అవసరమైంది, ప్లెయిన్ స్కాను తరువాత అదే బల్ల మీద రెండో విడతగా తీసి ఉంచాం. 14 మిల్లీమీటర్లు. "చాలు" అన్నారు. మూడోది, ముల్లు లాగాల్సిన దిశ. వంపు ఉన్న వస్తువును అడ్డదిడ్డంగా లాగితే లోపల విరుగుతుంది, విరిగిన ముక్క మిగిలితే మూడోసారి చీము పడుతుంది. వాలు చిత్రంలో ఆ వంపు పొట్ట ముందు గోడ వైపు ఎలా తిరిగి ఉందో పెన్సిల్‌తో కాగితం మీద గీసుకున్నారు. గాలి బుడగలు బయట ఎక్కడైనా ఉన్నాయా అని అడిగారు, లేవు. కాలేయాన్ని పొట్ట ముందు గోడకు కలిపే పొర, ఫాల్సిఫార్మ్ లిగమెంట్‌కు ఎడమగా 2 సెంటీమీటర్లు, కాలేయం కింది అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు లోపల అని గుర్తు చెప్పాను. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే లాపరోస్కోపీతో చేయవచ్చని ఆయన అప్పుడు నిశ్చయించుకున్నారు. దొరకకపోతే పొట్ట తెరవాల్సి వస్తుందని రోగికి ముందే చెప్పి సంతకం తీసుకున్నారు.

వీటిలో ఒక్కటి కూడా మామూలు రిపోర్టు నమూనాలో ఉండదు. "ఫలానా చోట వస్తువు కనిపించింది" అని రాస్తే రేడియాలజిస్టు పని అయిపోయినట్టే లెక్క. కత్తి పట్టుకునే మనిషికి కావలసింది వేరు.

ఆపరేషన్

గొట్టం వేసిన మూడో రోజు ఆపరేషన్. జ్వరం తగ్గింది, తెల్లరక్తకణాలు 11,000కు దిగాయి. సర్జన్ రమ్మంటే నేనూ థియేటర్‌లో వెనక నిలబడ్డాను. కెమెరా లోపలికి వెళ్లి చూస్తే, పేగుల ముందు వేలాడే కొవ్వు పొర, ఒమెంటం, వచ్చి జీర్ణాశయాన్ని, కాలేయం అంచును ముద్దలా కప్పి ఉంది. సక్షన్ కొనతో మెల్లగా ఆ అతుకులు విడదీస్తూ పోతే అరగంటకు రెండు అవయవాల మధ్య ఆకుపచ్చగా మారిన గట్టి చోటు కనిపించింది. సర్జన్ కాగితం మీద గీసుకున్న బొమ్మ వైపు ఒకసారి చూసి, పట్టకారుతో పట్టి, బొమ్మలో గీసిన దిశలోనే లాగారు. ముల్లు విరగకుండా వచ్చింది. జీర్ణాశయంలోకి నీలిరంగు మందు పంపి చూస్తే లీకు లేదు. ఆ చోట ఒమెంటం ముక్కతో అతుకు వేసి, డ్రెయిన్ పెట్టి ముగించారు.

స్టీలు ట్రేలో సెలైన్‌తో కడిగి స్కేలు పక్కన పెట్టాం. 3.3 సెంటీమీటర్లు. ఒక కొస సూదిలా ఉంది, రెండో కొస కొంచెం చదునుగా, విల్లులా వంపు. చుట్టూ చేరిన వాళ్లంతా ఒకే మాట అన్నారు: "పులస ముల్లే!" వరదల కాలం, అందరి నోటా అదే చేప. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత పుట్టిన ఊళ్లు మావి. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతూ వచ్చే ఆ చేపకు ముళ్లు విపరీతం అన్నది కూడా అందరికీ తెలిసినదే.

బయట బెంచీ మీద కూర్చున్న ఆయన భార్యకు చిన్న సీసాలో వేసి చూపించాను. ఆవిడ సీసాను వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "ఇది పులస ముల్లు కాదండీ" అన్నారు. "పులస ముళ్లు వెంట్రుకల్లా ఉంటాయి, రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిస్తే మెత్తబడతాయి. ఇది బొచ్చె పక్కముల్లు. ఆ రోజు వేడుకలో పెద్ద బొచ్చెలే వండారు. పులస కొనే స్తోమతు మాకెక్కడిదండీ." జూన్‌లో పులస ఇంకా రాదని, వరద నీరు ఎర్రబడ్డాకే వస్తుందని కూడా ఆవిడే గుర్తుచేశారు. డెల్టా అంతటా చెరువుల్లో పెంచే చేప బొచ్చె. దాని పక్కటెముక గట్టిది, బాగా ఎముకకట్టినది, అందుకే సీటీలో అంత తెల్లగా కనిపించింది. వెంట్రుకలాంటి ముల్లు అయి ఉంటే పలుచని పొరల్లో కూడా దొరికేదో లేదో.

ఆ తరువాత

మా విభాగంలో కొన్ని మారాయి. కారణం తెలియని కడుపునొప్పికీ చీముగడ్డకూ నోటి ద్వారా తెల్లని కాంట్రాస్ట్ మానేశాం, మంచినీళ్లే ఇస్తున్నాం. పేగు కుట్టిన చోట లీకు ఉందేమోనని సర్జన్ అడిగినప్పుడు మాత్రం తెల్ల కాంట్రాస్ట్ కావాలి, అది వేరే సందర్భం. పలుచని పొరలు ప్రతి కేసుకూ నిల్వ చేస్తున్నాం. కాలేయంలో చీముగడ్డ ఎవరికి కనిపించినా, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు రిపోర్టులో ఒక వరుస ఉండాలని పట్టుబడుతున్నాను: పిత్తనాళాలు, అపెండిక్స్, పెద్దపేగు, జీర్ణాశయం, డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) చూశాం, ఇదీ సంగతి అని. అన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చిన మార్పు చిన్నది. స్కాను బల్ల పక్కన స్టూలు వేసుకుని రోగితో, వెంట వచ్చిన ఇంటివాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుతున్నాను. "చేపముల్లు మింగారా?" అని అడగడం లేదు, దానికి అందరూ లేదనే అంటారు. "గొంతులో ఏదైనా ఇరుక్కుని అన్నం ముద్ద మింగారా?" అని అడుగుతున్నాను.

ఆగస్టు స్కానుకు అనుబంధ రిపోర్టు కూడా రాసి ఫైలులో చేర్చాను, తేదీ వేసి, నా సంతకంతో. ముల్లు ఆ స్కానులో ఏ పొరల్లో కనిపిస్తుందో అంకెలతో సహా రాశాను. రోగికి దాని ప్రతి ఇచ్చి, మొదటిసారి నేను చూడలేకపోయానని చెప్పాను. ఆయన కాసేపు ఆ కాగితం వంక చూసి, "ఇంత సన్నగా ఉంటే ఎలా కనబడుతుందిలెండి" అన్నారు. కనబడాల్సిందేనని, అదే నా పని అని చెప్పాను.

ఆపరేషన్ అయిన ఐదో రోజున ఇంటికి వెళ్లారు. ఆరు వారాలకు చేసిన అల్ట్రాసౌండ్‌లో గడ్డ ఉన్నచోట 12 మిల్లీమీటర్ల మచ్చ మాత్రమే ఉంది. సంక్రాంతి వెళ్లాక మళ్లీ చూశాను, మచ్చ కూడా వెతికితే తప్ప కనిపించలేదు. పోయిన నాలుగు కిలోలూ తిరిగి వచ్చాయి. రోజుకు ఆరు వందల కాయలు వలుస్తున్నారట, మళ్లీ వెయ్యికి చేరతానంటున్నారు. చేపల కూర తినవచ్చా అని అడిగారు. తినవచ్చని, కాకపోతే ముళ్లు చేతితో తీసుకున్నాకే నోట్లో పెట్టుకోవాలని చెప్పాను. భార్య పక్కనే ఉన్నారు. "కంచంలో నేనే ఒలిచి పెడుతున్నానండీ" అన్నారు.